చిలక అడిగిన అర్హత

మీ ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టని రోజుల్లో కేతకీపురాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతు, నడిపివాడు మణికేతు, చిన్నవాడు నీలకేతు.

ఒకనాడు కరాళకంఠుడనే మాంత్రికుడు పొరుగు రాజు కూతురు కుందనికను ఎత్తుకుపోయి ఏడు సముద్రాల అవతల దాచాడు. పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, రాలేదు. నీలకేతు తానూ వెళ్తానంటే రాజు పెదవి విరిచాడు. అన్నలకే చేతకాలేదు, నీకున్న అర్హతేమిటి అన్నాడు. నీలకేతు మూట కట్టుకుని బయలుదేరాడు.

సముద్రపు ఒడ్డున ముసలి తాబేలొకటి వలలో చిక్కుకుని కనిపించింది. వల కోసి వదిలాడు.

"మీ అన్నలూ ఇటే పోయారు నాయనా. ఎంత పిలిచినా ఓడ దిగలేదు" అని సణుగుతూనే అది అతన్ని వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

మాంత్రికుడు వేటకు పోయి ఉన్నాడు. కోటలో కుందనిక ఎదురొచ్చింది. వాడి ప్రాణం తోటలోని చిలకలో ఉందనీ, దాన్ని పట్టబోయినవాళ్ళంతా రాళ్ళయ్యారనీ, తోట గడప తాను దాటలేదు కనుక ఎలా అయ్యారో తెలియదనీ చెప్పింది.

తోటలో అన్నలిద్దరూ రాతిబొమ్మలై ఉన్నారు. పంజరంలోంచి చిలక తియ్యగా అడిగింది.

"నన్ను ముట్టుకునే అర్హత నీకేముంది, అబ్బీ?"

నీలకేతు నోరు తెరవబోయి అన్నల వంక చూశాడు. పెద్దన్న నోరు తెరిచే ఉంది, వంశం చెబుతున్నాడు కాబోలు. చిన్నన్న వేళ్ళు మడిచి ఉన్నాయి, నేర్చిన విద్యలు ఎంచుతున్నాడు కాబోలు. జవాబు చెప్పడమే ఉచ్చని అతనికి తెలిసిపోయింది.

చిలక రెండోసారి అడిగింది. అతను పంజరం తలుపు తీశాడు. మూడోసారి అడిగింది. అతను దాన్ని గుప్పిట పట్టాడు.

మాంత్రికుడు ఆకాశంలోంచి ఊడిపడ్డాడు. "ముందు జవాబు చెప్పు. నువ్వు దేనికి తగినవాడివి?"

నీలకేతు చిలక మెడ నులిమాడు. మాంత్రికుడు పిడికెడు బూడిదయ్యాడు. రాళ్ళు మనుషులయ్యాయి. రణకేతు ఆపిన చోటి నుంచి వంశం అందుకున్నాడు.

"చాల్లే అన్నయ్యా, పద. తాబేలు కాచుకుని ఉంది" అన్నాడు నీలకేతు.

ఇంటికి చేరాక రాజు, ఆచారం ప్రకారం పిల్లను పెద్దవాడికి చేసుకుందామా అని నసిగాడు.

"మిమ్మల్ని మామగారూ అని పిలవడం నాకిష్టమే. నా దండ మాత్రం నీలకేతు మెడలోనే పడుతుంది" అంది కుందనిక.

ఏడు రోజులు పెళ్ళి జరిగింది. తండ్రి తరవాత నీలకేతు అరవై ఏళ్ళు రాజ్యం చేశాడు. కొలువు కోరి వచ్చినవాణ్ణి ఎవరి కొడుకువని గానీ, ఏమేం నేర్చావని గానీ అడిగేవాడు కాదట. పని చేతికిచ్చి, పక్కన నిలబడి చూసేవాడట.