గవ్వలరేవులో ఊడిన తలుపులు

అనగా అనగా సముద్రపు ఒడ్డున గవ్వలరేవు అనే పట్టణం ఉండేది. అక్కడ ఒక వింత ఆచారం. అద్దె కట్టలేనివాళ్ళను ఇంట్లోంచి గెంటేవారు కాదు, ఇంటి తలుపు ఊడదీసి పట్టుకుపోయేవారు. అద్దె కట్టాక తెచ్చి బిగించేవారు. "మనది ఎంత దయగల ఊరో!" అని పెద్దలు మురిసిపోయేవారు.

ఒక ఏడు ఊరి మీద విషజ్వరం పడింది. "ఎవరింట్లో వారు తలుపులు మూసుకుని ఉండాలహో!" అని దండోరా వేయించారు. పడవలు ఆగిపోయాయి. పడవలకు తాళ్ళు పేనే గురవమ్మకు పని పోయింది. ఇక అద్దె ఎక్కడినుంచి తెస్తుంది? పైగా కూతురు రత్తికి ఒళ్ళు కాలిపోతోంది.

అద్దెల సంగతి తేల్చడానికి పట్టణసభ కూర్చుంది. సభకు పెద్ద భూషయ్య. ఊళ్ళో సగం ఇళ్ళు ఆయనవే.

మొదటి రోజు, అద్దె మాఫీ చేయాలా, వాయిదా వేయాలా అని వాదించుకుంటూనే పొద్దు గుంకించారు. ఆ సాయంత్రమే భూషయ్య మనుషులు వచ్చి గురవమ్మ ఇంటి తలుపు ఊడదీశారు.

గురవమ్మ గుమ్మానికి చాప కట్టింది. సముద్రపు గాలికి అది నిలిస్తేనా! కుక్కలు లోపలికి దూరుతున్నాయి. పక్కింటి పిల్లలు తొంగి చూస్తున్నారు. "దూరం పొండర్రా, జ్వరం అంటుకుంటుంది!" అని ఆమె అరుస్తూనే ఉంది. కంటి మీద కునుకు లేదు.

రెండో రోజు, సభలో ముందెవరు మాట్లాడాలని గొడవ. చెప్పడానికే నాకు ఒళ్ళు మండుతోంది. ఈలోగా మరికొన్ని తలుపులు పోయాయి. జ్వరం గురవమ్మ వీధి దాటి పక్క వీధులకు పాకింది.

మూడో రోజు గురవమ్మ ఇక ఉండలేకపోయింది. రత్తిని భుజాన వేసుకుని నేరుగా సభలోకి నడిచింది. రత్తి దగ్గింది. పెద్దలంతా గోడలకు అతుక్కుపోయారు.

"జ్వరం పిల్లతో ఇక్కడికెందుకొచ్చావే! ఇంటికి పోయి తలుపేసుకో!" అని భూషయ్య కేకపెట్టాడు.

"అలాగే బాబయ్యా, వేసుకుంటాను. నా తలుపు మీ దొడ్లో ఉంది, ఇప్పించండి" అంది గురవమ్మ.

రత్తి మళ్ళీ దగ్గింది. అంతే, అన్నాళ్ళూ తేలని మాట రెప్పపాటులో తేలిపోయింది. జ్వరం తగ్గేదాకా అద్దె లేదు, ఊడదీసిన తలుపులన్నీ ఆ పూటే బిగించాలి.

గురవమ్మ తలుపును భూషయ్యే స్వయంగా మోశాడు, బాగా ఎడంగా నడుస్తూ. తలుపు మూసుకున్నాక ఆ తల్లి కంటికి కునుకు పట్టింది. కొన్నాళ్ళకు రత్తి కోలుకుంది.

పిల్లలూ, ఎదుటివాడి ఇంటికి తలుపు లేనప్పుడు, మన ఇంటి తలుపు ఎంత గట్టిదైనా మనల్ని కాపాడదు.