పెరిగిన పాదాలు

పొద్దున్నే. రాత్రి కురిసిన వాన వెలిసింది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

కౌజుపిట్ట నలుగురు పిల్లల్ని వెంటేసుకుని నడిమి కొట్టు ముందు వరసలో నిలబడింది. ఆమె ముందు కుందేలు, వెనక జింక. అందరి పక్కనా పిల్లలు. అందరి మొహాల్లోనూ ఒకటే దిగులు.

ఆ అడవిలో బడికి పోయే ప్రతి పిల్లకూ చదువు బత్తెం ఇస్తారు. గింజలో, దుంపలో, గడ్డో, ఎవరు తినేది వాళ్ళకు. ఒకప్పుడు ఏ తోపు పిల్లలకు ఆ తోపే ఇచ్చుకునేది. పచ్చటి తోపు పిల్లలు కడుపునిండా తిని చదువుకునేవాళ్ళు. ఎండిన తోపు పిల్లలు బడి మానేసి మేతకు పోయేవాళ్ళు. మేతకు పోయిన పిల్లలందరూ తిరిగి రారు. అది తల్లులకు తెలుసు. అందుకే అడవికి పెద్దయిన ఏనుగమ్మ తోపుల కొట్లన్నీ ఎత్తేసి, అడవి నడుమ ఒకే కొట్టు పెట్టించింది. అందరికీ ఒకే బత్తెం. మంచి పనే. ఆ రోజు కౌజు కూడా రెక్కలెత్తి ఏనుగమ్మను దీవించింది.

కొట్టు పెత్తనం ఉడుముకిచ్చారు. పట్టుకున్నది వదలడు, కొట్టుకు అలాంటివాడే కావాలన్నారు.

ఉడుము ఒక పద్ధతి పెట్టాడు. బడిలో చేరిన రోజున పిల్ల పాదాన్ని పచ్చి మట్టి పలక మీద వేయిస్తాడు. నల్లమట్టిలో తుమ్మజిగురు కలిపిన పలక. ఆరితే రాయే. ఆ తరవాత బత్తెం కోసం వచ్చినప్పుడల్లా పిల్ల ఆ గుంటలో కాలు పెట్టి చూపించాలి. సరిపోతే బత్తెం. లేకపోతే లేదు.

పక్కన కొత్తగా చేరిన ఉడుత పిల్లకు ముద్ర వేయిస్తున్నారు.

"పెట్టు! తియ్యి! తియ్యవే తొందరగా! జిగురు పట్టేసిందంటే తోకతో సహా ఇక్కడే ఉండిపోతావ్," అని ఉడుము కసిరాడు. ఇటు తిరిగాడు. "ఊఁ, గరిక ఎవరు?"

కౌజు పిల్లల్లో గరిక పెద్దది. ముందుకొచ్చి కాలు పెట్టింది. వేళ్ళు గుంట దాటి బయటికొచ్చాయి.

"ఇది గరిక కాదు."

"గరికేనండీ. నేను పొదిగినదాన్ని కదా, నాకు తెలియదా?"

"నువ్వు పొదిగావు. నేను పొదిగానా? నాకు పలక ఏది చెబితే అదే."

"పెరిగిందండీ. పిల్లలన్నాక పెరుగుతారు."

"పలక పెరగలేదుగా?"

వెనక నుంచి జింక గొణిగింది: "దానికీ బత్తెం పెట్టి ఉంటే పెరిగేది."

"ఎవరా మాట? నా పాదం చూడండి. ఎన్నేళ్ళుగానో ఇంతే ఉంది. ఒక పద్ధతిగా."

దాని చెల్లెలు రెల్లు కాలు సరిపోలేదు. ఇంకో చెల్లెలు తుంగ కాలూ సరిపోలేదు. అందరికంటే చిన్నవాడు, చిన్నాడు, వాడి కాలు మాత్రం అతికినట్టు సరిపోయింది. వాడు సరిగా తినడు. తినే ముగ్గురికీ బత్తెం లేదు, తిననివాడికి ఉంది.

కుందేలు పిల్లలిద్దరిదీ, జింక కూనదీ అదే గతి.

"పోనీ కొత్త ముద్రలు వేయించండి," అంది కౌజు.

"పాత పలక ఉన్నవాళ్ళకు కొత్త పలక లేదు. ఏనుగమ్మ చెప్పాలి."

"ఏనుగమ్మ ఎక్కడ?"

"కొండవతల నీళ్ళకు పోయింది. వచ్చినప్పుడు వస్తుంది. తరవాత ఎవరు?"

అందరూ ఇంటి దారి పట్టారు. సగం దారిలో కుందేలు నిట్టూర్చింది.

"ఇక రేపట్నుంచి బీళ్ళ మీదికి తోలాల్సిందే పిల్లల్ని. ఏం చేస్తాం వదినా?"

కౌజు చిన్నాణ్ణి రెక్క కిందికి తీసుకుంది. బీడంటే దాక్కోడానికి గడ్డిపరక ఉండదు.

దారి పక్క పరికి పొద కదిలింది. నక్క బయటికొచ్చాడు. మెడలో మోదుగాకు బిళ్ళ ఒకటి వేలాడుతోంది.

"అక్కలూ, చెల్లెళ్ళూ! ఏడవకండి. మీ కష్టం చూడలేకే వచ్చాను."

తల్లులు గబగబా పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు.

"భయమెందుకమ్మా? నేను పాత నక్కను కాను. కొట్టు మనిషిని. ఉడుముగారికి పని ఎక్కువై ఊపిరి సలపడం లేదు. ముద్రలు మార్చే పని నాకు అప్పజెప్పారు. ఇదుగో బిళ్ళ."

"అది మోదుగాకు కదా?" అంది జింక.

"మరి బంగారు రేకు ఇస్తారా? పొదుపు చెల్లెమ్మా, పొదుపు!" నక్క గొంతు తగ్గించాడు. "మధ్యాహ్నం పిల్లలందర్నీ ఒకేసారి గండిలోకి తీసుకురండి. ముద్ర మట్టి మీరే కలపండి. సాయంత్రానికి ఎవరి బత్తెం వాళ్ళింటికొస్తుంది."

"గండిలోకే ఎందుకు?" అంది కౌజు.

"అక్కడ గాలి ఉండదు. ముద్రల మీద దుమ్ము పడదు. ఇష్టం లేకపోతే మానెయ్యి తల్లీ. బీళ్ళు ఎలాగూ ఉన్నాయి."

బీళ్ళ మాట వినగానే కౌజు పిల్లల వైపు చూసింది. మనసు వద్దంటూనే ఉంది. కాళ్ళు మాత్రం తుమ్మచెట్ల వైపు నడిచాయి, జిగురు కోసం.

మధ్యాహ్నానికి మబ్బు పూర్తిగా విడిపోయింది. గండిలో ఎండ నిప్పులు చెరుగుతోంది. రెండు పక్కలా నిలువు గట్లు. రావడానికీ పోవడానికీ ఒకే సందు. జింక గిట్టలతో గుంట తవ్వింది. కుందేలు మట్టి తోడింది. కౌజు జిగురు తెచ్చి పోసింది. నక్క మోకాలి లోతున నల్లటి ముద్ర మట్టి సిద్ధమైంది. చేసిందంతా తల్లులే. నక్క సందులో కూర్చుని చూస్తున్నాడు.

"బాగుంది. ఇక తల్లులు గట్టు మీదికి పోండి. ముద్రల చోట తల్లులుంటే పిల్లలు గారాలు పోతారు. పిల్లలూ, రండి. అందరూ ఒకేసారి మట్టిలో దిగి కాళ్ళు పెట్టి ఉంచండి. నేను చాలనేదాకా కదలకూడదు."

కౌజు ఆగిపోయింది.

"పెట్టి ఉంచాలాండీ?"

"ఎంతసేపు ఉంచితే అంత బాగా పడుతుంది. నాకు తెలియదా? రోజూ వేయించేవాణ్ణి."

ఉడుము ఎంత మూర్ఖుడైనా, ఏ పిల్ల కాలూ ఆ మట్టిలో ఉండనివ్వడు. పెట్టు, తియ్యి. కొట్టు గడప తొక్కిన ప్రతివాళ్ళకూ తెలిసిన మాట అది. వీడు కొట్టు మనిషి కాదు. కొట్టు మొహం చూసినవాడే కాదు.

కౌజు సందు వైపు చూసింది. పిల్లల్ని ఇక్కడికి నడిపించుకొచ్చింది తనే. అరిస్తే పిల్లలు చెదిరిపోతారు. పారిపోయే సందులో నక్క కూర్చున్నాడు. కౌజు ఒక అడుగు ముందుకేసింది.

"అయ్యగారూ, ఒక్క మాట. ముందు మీ ముద్ర పడాలి కదండీ?"

"నా ముద్రా?"

"అధికారి ముద్ర లేకపోతే ఉడుముగారు పలక ముట్టుకోరు. మీకు తెలియంది కాదు."

నక్క ఒక్క క్షణం తడబడ్డాడు. తెలియదంటే బిళ్ళ పోతుంది.

"తెలియకేం! చివర్లో వేద్దామని ఆగాను."

"చివర్లో వేస్తే పిల్లల ముద్రలు చెరిగిపోవూ? మీ పాదం చిన్నదా చితకదా?"

నక్క తన పాదం చూసుకున్నాడు. నిజమే, ఘనంగానే ఉంది. లేచి వచ్చి ఒక కాలు మట్టిలో పెట్టాడు.

"నాలుగూ అండీ. రెండు కాళ్ళవాళ్ళకు రెండు, నాలుగు కాళ్ళవాళ్ళకు నాలుగు. కుందేలు వదినా, నీ పిల్లలకు ఎన్ని వేయించారు?"

కుందేలు పిల్లలకు కొట్టులో ఒక్క కాలే వేయించారు. కుందేలు ఏదో అనబోయి కౌజు కళ్ళలోకి చూసింది. చెవులు నిటారుగా లేచాయి.

"నాలుగూ వదినా! నాలుగూ వేయించారు. అందులో అధికారులకైతే ఇంకా గట్టిగా వేయించాలట."

నక్క నాలుగు కాళ్ళతో మట్టిలో దిగాడు. దర్జాగా నిలబడ్డాడు.

"పెట్టి ఉంచండి. ఎంతసేపు ఉంచితే అంత బాగా పడుతుందని మీరే అన్నారు," అంది కౌజు.

"అన్నాను, అన్నాను."

"ఈలోపు మా విన్నపాలు కూడా వినండి అయ్యగారూ," అంది జింక. సంగతి ఆమెకూ అర్థమైంది. "పిల్లకు జ్వరమొచ్చి బడి మానితే బత్తెం కోస్తారా?"

"కొయ్యం."

"వానల్లో వాగు దాటలేకపోతే?"

"ఇంటికే పంపిస్తాం."

"మా ఆయన కూడా పిల్లల వాటాలోంచే తింటున్నాడండీ," అంది కుందేలు.

"ఆయనకు వేరేగా రాయిస్తాను, పో!"

అలా ఒకరి తరవాత ఒకరు అడుగుతూనే ఉన్నారు. నక్క తల ఎగరేస్తూ ఇస్తూనే ఉన్నాడు. ఏ అధికారీ ఎప్పుడూ ఇవ్వనన్ని ఇచ్చేశాడు. ఎండ తన పని తాను చేసుకుపోయింది. మట్టి మీద నలుపు పోయి బూడిద రంగు వచ్చింది.

"చాల్లే విన్నపాలు," అన్నాడు నక్క చివరికి. "ఇక పిల్లల్ని..."

ముందు కాలు లాగాడు. రాలేదు. వెనక కాలు లాగాడు. అదీ రాలేదు.

"గరికా," అంది కౌజు. "తమ్ముణ్ణీ చెల్లెళ్ళనూ తీసుకుని సందులోకి నడువు. గట్టు పక్కగా. పరిగెత్తకు."

పిల్లలు ఒకరి వెనక ఒకరు నక్క ముట్టె ముందు నుంచే నడిచారు. నక్క కోరలు రెండుసార్లు టక్కుమన్నాయి. ఎవరూ అందలేదు. చివర వస్తున్న చిన్నాడు మాత్రం సరిగ్గా నక్క ఎదురుగా ఆగాడు.

"అయ్యగారూ, మీ బిళ్ళ ఊడి పడిపోయిందండీ," అంటూ తీయడానికి వంగాడు.

కౌజు ఎలా ఎగిరిందో ఆమెకే తెలియదు. వాడి మెడ పట్టి ఇవతల పడేసింది. నక్క నోట్లో ఆమె తోక ఈక ఒకటి మిగిలింది.

అప్పటికే కుందేలు కొట్టుకు పరిగెత్తింది. ఉడుము వచ్చేసరికి నక్క గోల పెడుతున్నాడు.

"ఉడుముగారూ! చూశారా ఈ ఆడవాళ్ళ దౌర్జన్యం! మీ పనేగా నేను చేస్తున్నది!"

ఉడుము గుంట చుట్టూ తిరిగి ముద్రలు చూశాడు.

"బాగా పడ్డాయి. నీది పెరిగే వయసు కాదు కాబట్టి ఈ పలక ఎప్పటికీ సరిపోతుంది. ప్రతి తోపులోనూ దీని అచ్చు ఒకటి వేలాడదీయిస్తాను, పిల్లలు చూసి గుర్తుపడతారు." తల్లుల వైపు తిరిగాడు. "ఇలాంటివాడి మాట ఎలా నమ్మారమ్మా? బుద్ధుండక్కర్లా?"

కౌజు ఇంకా రొప్పుతూనే ఉంది.

"మీరు కాదన్న చోట వీడు అవునన్నాడండీ. అందుకు నమ్మాం."

ఉడుము చిన్నాడి కాలు వైపు చూశాడు, గరిక కాలు వైపు చూశాడు. తల దించుకున్నాడు.

పొద్దు వాలే వేళకు ఏనుగమ్మ వచ్చింది. అంతా విన్నది. తొండంతో నీళ్ళు పోసి కాళ్ళ చుట్టూ మట్టి మెత్తబరిచి నక్కను పైకి లాగింది. కాళ్ళ మీది వెంట్రుకలన్నీ మట్టికే అంటుకుపోయాయి. నున్నటి కాళ్ళతో కుంటుకుంటూ పోతున్న నక్కను చూసి జింక ఆగలేకపోయింది.

"అయ్యగారూ! మా జ్వరం బత్తెం మాట మర్చిపోకండి!"

నక్క వెనక్కి తిరగలేదు. మళ్ళీ ఆ తోపుల వైపు రానూ లేదు.

ఏనుగమ్మ ఉడుమును తిట్టలేదు. కొట్టూ తీసెయ్యలేదు. "బత్తెం ఇచ్చేది నడిమి కొట్టే. అందరికీ ఒకే లెక్క. పిల్లను చూసి అవునని చెప్పేది మాత్రం ఏ తోపు పెద్దలు ఆ తోపులో. ప్రతి వానాకాలం కొత్త ముద్ర వెయ్యి," అంది. ఉడుము ఆ సాయంత్రమే తన భుజం మీద బత్తెం మోసుకొచ్చి ఎవరింటి ముందు వాళ్ళది దించాడు. చిన్నాడికి రెండు గింజలు ఎక్కువే పడ్డాయి. అడిగితే ఉడుము తెలియదన్నాడు.

దూరాన కూర్చుని పంచేవాడు పిల్లలు పెరుగుతారని మరిచిపోతే, ఆ మరుపులోంచే నక్కకు దారి దొరుకుతుంది.

పొద్దు గుంకింది. కౌజు పొద వాకిట్లో నిలబడింది. కుందేలు తన బొరియలోకి తొంగిచూసింది. పిల్లలిద్దరూ ఉన్నారు, గడ్డి కోసం కొట్టుకుంటున్నారు. జింక కూన తల్లి పొట్టకు ఆనుకుని ఉంది. కౌజు పొదలోకి వచ్చి ఒక్కొక్కరి వీపు మీద ముక్కు ఆనించింది. గరిక. రెల్లు. తుంగ. చిన్నాడు నిద్రలో కాలు విదిలించాడు. వాణ్ణి రెండోసారి కూడా లెక్కపెట్టుకుంది.