కదలని ముల్లు

సాలూరు బస్టాండు వెనక గోలీ సోడాలు నింపి అమ్ముకునే గౌరినాయుడు, చేతిలో కాగితాలున్న మనిషెవరైనా గుమ్మం ఎక్కితే చాలు, నిజాన్ని మింగేసేవాడు. తప్పు అతనొక్కడిదే అని ఎలా అనగలం? అంతకుముందు కాగితాలతో వచ్చిన ప్రతివాడూ అతని దగ్గర ఏదో ఒకటి పట్టుకుపోయినవాడే. భయం అనేది పేదవాడు పుట్టినప్పటి నుంచీ కట్టే పన్ను.

ఒకరోజు సుభాషిణి అనే అమ్మాయి వచ్చింది. చిన్న వ్యాపారులకు ఉచితంగా సలహాలిచ్చే కేంద్రం నుంచి వచ్చానని చెప్పింది. గౌరినాయుడు ఆమె చేతిలోని కాగితాల వంక చూశాడు.

"ఉచితమంటే ఏటమ్మా? ఆనక ఏం పట్టుకుపోతారు?"

"ఏమీ పట్టుకుపోం బాబాయ్. అడగడం మీ హక్కు, చెప్పడం నా పని," అంటూ ఆమె సోడా మిషను దగ్గరికి నడిచింది. "గ్యాసు మీటరు పనిచేస్తోందా?"

గ్యాసు ఎంత ఎక్కిందో చూపే ఆ మీటరు ముల్లు రెండేళ్లుగా కదలడం లేదు. గ్యాసు ఎక్కేకొద్దీ సీసాల చప్పుడు మారుతుంది. ఆ మార్పు చెవితో పట్టి అతను కొళాయి కట్టేసేవాడు. ఈ సంగతి బయటపడితే కొట్టుకు సీలు వేస్తారని అతని భయం. భార్య పైడమ్మ నోరు తెరవబోయింది. అతను కళ్లతోనే వారించాడు.

"బ్రహ్మాండంగా పనిచేస్తోందమ్మా!" అన్నాడు.

"అయితే ఇక్కడే ఎందుకు కూర్చోవడం? మంగళవారం అమ్మవారి జాతర. మిషను అక్కడికే తీసుకెళ్లండి. జనం కళ్ల ముందే నింపి ఇవ్వండి. ఒక్క సీసా మిగలదు."

మంచి సలహాయే. మీటరు పనిచేసేవాడికి.

జాతరలో డప్పులు, మైకులు, రంగులరాట్నం మోత. జనం సోడాల కోసం తోసుకుంటున్నారు. పైడమ్మ మిషను తిప్పుతోంది. గౌరినాయుడు కొళాయి మీద చెయ్యి వేసి చెవి ఒగ్గాడు. ఏమీ వినపడలేదు. ఇంకా వంగి, చెవిని మిషను దగ్గరగా పెట్టాడు. డప్పుల మోతే. సీసాలు నిండాయో, ఇంకా నిండాలో తెలియలేదు.

"ఇంకెంతసేపు తిప్పమంటావయ్యా?" అని పైడమ్మ అరిచింది.

ఆపేద్దామనుకున్నాడు. ఆపితే, గ్యాసు లేని నీళ్లు అమ్ముతున్నాడని జనం నవ్వుతారు.

"ఇంకొంచెం!" అన్నాడు.

సీసా పేలిన చప్పుడు మాత్రం డప్పులను మించి వినిపించింది.

ఆసుపత్రిలో పైడమ్మ ఎడమ కంటికి కట్టు కట్టారు. ఆ కంటికి ఇక చూపు రాదని డాక్టరు చెప్పాడు. సంగతి తెలిసి సుభాషిణి పరుగున వచ్చింది. గౌరినాయుడు ఆమెకు మీటరు సంగతి చెప్పేశాడు.

"మీటరు పాడైందని ఆ రోజే చెబితే, అది మార్చేదాకా మిషను కదపనిచ్చేదాన్నా బాబాయ్?"

"సీలు వేస్తారేమోనని..."

"సీలు వేయడానికి నేనెవరిని? మీ పక్కన నిలబడడానికి వచ్చినదాన్ని!" అంది ఆమె.

పైడమ్మ మంచం మీంచే భర్త చెయ్యి తడిమి పట్టుకుంది. "ఇంకా దాచినవేటైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యి. నాకింక ఒక్క కన్నే మిగిలింది."

గౌరినాయుడు సుభాషిణి వైపు తిరిగాడు.

"సీసా పేలినా పెంకులు ఎగరకుండా మిషనుకు వేసే ఇనుప తలుపు కొక్కెం విరిగిందమ్మా. తీగతో కట్టి నెట్టుకొస్తున్నాను," అన్నాడు.

ఆమె అతని పక్కనే కూర్చుంది. "ఇంకా?" అని అడిగింది.

నీతి: లోపం దాచి తీసుకున్న సలహా, ఎంత మంచిదైనా, ముప్పే తెస్తుంది.