బురదలో మూడు వేళ్లు

ఆ మెట్టమీద మూడేళ్లుగా ఊట లోపలికి దిగిపోయింది. నేల అడుగున నీళ్లున్నాయి, పైకి తోడేవాళ్లు లేరు. గాలిమర నిలబెడితే గాలే తోడి పోస్తుందని కోతులు చెప్పాయి. కట్టే పని కూడా మాదేనన్నాయి. వద్దన్న ప్రాణి ఒక్కటీ లేదు. గొడవంతా మర ఎక్కడ పెట్టాలన్న దగ్గరే వచ్చింది.

గాలి బాగా కొట్టేది రాళ్లగుట్ట మీద. కాని అక్కడ నక్క బొరియ ఉంది. గుట్ట కింద మోకాలెత్తు గడ్డి. పొడుగు మెడ బట్టమేక పిట్ట ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెట్టేది ఆ గడ్డిలోనే, తొలకరి పడ్డాక, ఎప్పుడూ అదే చోట. మిగతా కాలం ఎక్కడ తిరిగినా దాని మనసు అక్కడే.

ఆ మెట్టకి పెద్ద నక్కే. "నా ఒక్కడి మాటేముంది? అందరి అభిప్రాయం తీసుకునే చేద్దాం" అని చాటించింది. పెద్దరికం ఇంత వినయం ఒలకబోసిందంటే పని అప్పటికే అయిపోయిందనుకోవాలి.

సభకొచ్చే జంతువులు వాకిట్లో తడిపిన బురదలో ఒక కాలు వేసి లోపలికి రావడం ఆ మెట్టలో ఆనవాయితీ. పెద్ద ముందు వేస్తుంది, తర్వాత మిగతావి. ఎవరొచ్చారో చూసుకోడానికి. ఆ రోజు నక్క బురదని దగ్గరుండి కలిపించింది. లోపల తవుడు కూడా పోయించింది.

"మర గుట్ట కింద గడ్డిలో పెడదాం. చెప్పు పిట్టక్కా, నీకేం అభ్యంతరం?" అంది నక్క.

"మర పెట్టండి తమ్ముడూ. నీళ్లు నాకూ కావాలి. నా చోటు మాత్రం వదిలేయండి. మా అమ్మ నన్ను పొదిగింది అక్కడే. వానకి ముందు గాలి తడివాసన వేస్తే చాలు, నా కాళ్లు అటే లాగుతాయి."

"ఏదీ, నీ గూడు చూపించు."

"మేం గూడు కట్టం. ఉత్త నేలమీదే పెడతాం."

నక్క సభవైపు తిరిగింది. "గూడు లేదు, బొరియ లేదు, దొడ్డి లేదు. దీన్ని ఖాళీ జాగా అనక ఏమంటారు?"

నోటినిండా తవుడున్న మేక నవ్వింది. "ఒక్క గుడ్డుకి ఇంత గడ్డా అక్కా? నాకివ్వు, వారంలో ఖాళీ చేస్తా."

ముసలి ఎద్దు నెమరు ఆపింది. "గుట్ట అడ్డం ఉంటే కిందకి గాలెట్లా వస్తుంది అల్లుడూ?"

"మంచి సూచన మావా. గుర్తుపెట్టుకుంటాం." ఎవరు పెట్టుకున్నారో దానికే తెలియాలి.

తవుడు అయిపోయాక నక్క బురద దగ్గర నిలబడింది. "నలభై రెండు అచ్చులు. నలభై రెండు ప్రాణులూ గడ్డిలో పెట్టడానికి ఒప్పుకున్నట్టే."

"వచ్చామని కదా కాలు వేసింది?" అంది పిట్ట.

"ఇష్టం లేనివాళ్లు అసలెందుకొస్తారక్కా? ఇదిగో, నీ మూడు వేళ్లూ ఉన్నాయి. అందరికంటే చక్కగా పడింది నీదే."

కోతులు గడ్డి చెక్కాయి, గుంటలు తవ్వాయి, రాళ్లు దింపి మర నిలబెట్టాయి. గుట్ట గాలిని ఆపేసింది. రెక్క కదల్లేదు, తొట్టిలో చుక్క పడలేదు.

తొలకరి వచ్చింది. పిట్టా వచ్చింది. రాళ్ల చుట్టూ ఏడు రోజులు తిరిగింది. ఒకచోట కూర్చోబోయి లేచేది, ఇంకోచోట మట్టిని కాలితో తడిమి చూసేది. ఆ ఏడాది గుడ్డు పెట్టలేదు. అది చూసి మేక మొదటిసారి నోరు మూసుకుంది.

ఎద్దు ఇక ఊరుకోలేదు. మరని గుట్టమీదికి మార్చాలంటూ మళ్లీ సభ పెట్టించింది. నక్క మళ్లీ బురద కలిపించి, పెద్ద కాబట్టి ముందుగా తనే దర్జాగా కాలు వేసి లోపలికెళ్లింది. ఎద్దు ముందే చెప్పి ఉంచడంతో మిగతావన్నీ బురద తొక్కకుండా పక్కనుంచి చుట్టు తిరిగొచ్చాయి.

"బురదలో ఎన్ని అచ్చులున్నాయి అల్లుడూ?" అంది ఎద్దు.

నక్క తొంగిచూసింది. "ఒకటి."

"ఎవరిది?"

నక్క బురద అంటిన కాలు వెనక్కి లాక్కుంది.

"గుట్టకి మార్చడానికి నువ్వు ఒప్పుకున్నావు. ఇష్టం లేనివాళ్లు ఎందుకొస్తారు? మేమంటావా, అసలు రానే లేదు. పెద్దవాడివి, నీ మాట కాదనడానికి మేమెవరం?"

సాయంత్రానికల్లా నక్క పిల్లల్ని ఒక్కొక్కటే నోట కరుచుకుని వేరే గుట్టకి పోయింది. మర గుట్టెక్కి గిర్రున తిరిగింది. తొట్టి నిండింది.

"ముందు నువ్వు తాగక్కా," అని మేక పక్కకి జరిగింది.

పిట్ట తాగింది. తాగి, కింద గుంటలవైపు చూసింది. "గడ్డి ఎన్నాళ్లకి మొలుస్తుంది మావా?"

"మొలుస్తుందిలే తల్లీ."

"ఎన్నాళ్లకి?"

ఎద్దు తొట్టిలో మూతి పెట్టింది.

ఇప్పటికీ గాలి తడివాసన వేసిన రోజు ఆ పిట్ట వచ్చి, గుంటల పక్కన మెడ చాచి నిలబడుతుంది.

నేల పోయాక గెలిచిన వాదన మీద ఎవరూ గుడ్డు పెట్టలేరు.