నాన్న పేరున వదిలిన జడలబర్రె

లామా రిగ్జిన్‌ను ప్రశ్న అడగడం కాస్త ప్రమాదమే. ఆయన జవాబు చెప్పడు. ఉన్ని జోళ్ళ తాళ్ళు బిగించి లేచి నిలబడతాడు. అడిగినవాళ్ళు ఆయన వెనకాలే నడవాలి. లడాఖ్ పైకొండల్లో, గాలి కూడా పొదుపుగా దొరికే ఎత్తులో, డెబ్భై ఏళ్ళు దాటిన ఆ మనిషి వెనక నడవడమంటే ఏమిటో నడిచినవాళ్ళకే తెలుసు. అందుకే ఆయన శిష్యుల్లో తెలివైనవాళ్ళు సందేహాలు వచ్చినా పైకి చెప్పేవారు కాదు.

యాంగ్‌స్కిత్ మాత్రం ఉండబట్టలేకపోయింది. నలభై ఏళ్ళ మనిషి, ఊహ తెలిసినప్పటినుంచీ మందల వెంట తిరిగినది. వేసవిలో ఒక ఉదయం ఆయన ముందు కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"మేమేలే, దయతో చేసిన పని తప్పెలా అవుతుంది?"

మేమేలే అంటే తాతగారూ అని. అక్కడ పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు.

ఆమె బాధ ఊరందరికీ తెలిసిందే. కిందటేడు తండ్రి పోయాడు. పోయినవారి పేరున ఒక పశువు చెవికి ఎర్ర దారం కట్టి, ఇక దీన్ని కొయ్యం, అమ్మం అని మాట ఇచ్చి వదలడం వాళ్ళ ఆచారం. అలా వదిలినది ఇంటి మందలోనే మేసి, ముసలిదై, ఆ మందలోనే కన్నుమూస్తుంది. యాంగ్‌స్కిత్‌కు అది చాలలేదు. నాన్నకు ప్రాణమైన స్కర్మాను పైకొండకు తోలుకెళ్ళి, చమరీ మృగాల మంద కనిపించేచోట విడిచి వచ్చింది. స్కర్మా అంటే వాళ్ళ భాషలో చుక్క. నుదుట తెల్లమచ్చతో పుట్టి, పుట్టగానే తల్లిని పోగొట్టుకుని, ఆ తండ్రీకూతుళ్ళ చేతుల్లో పాలు తాగి పెరిగిన జడలబర్రె అది. చమరీలు కూడా ఆ జాతివే, కానీ ఎవరికీ మచ్చిక కానివి. ఒళ్ళంతా నలుపు, ఇంటి బర్రెకు ఒకటిన్నర రెట్లు ఉండే మనిషెత్తు ఆకారం. ఇస్తే పూర్తిగా ఇవ్వాలి అనుకుంది పిచ్చితల్లి.

ఇప్పుడేమో కాపరులు వచ్చి, దాన్ని వెనక్కి తెచ్చుకో, లేకపోతే ఆ మంద పాడైపోతుంది అంటున్నారు. నాన్న పేరున వదిలినదాన్ని తాడు కట్టి తెస్తే ఆయనకు చేరిన పుణ్యం ఏమైపోతుందని ఆమె ఏడుపు.

"పుణ్యానికి పోతే పాపం ఎదురైందట. అలా ఉంది నా గతి," అంది.

లామా జోళ్ళ తాళ్ళు బిగించాడు. "తాడు తెచ్చుకో. గుప్పెడు ఉప్పు కూడా," అన్నాడు.

మధ్యాహ్నానికి మంచు అంచు చేరారు. మగవి ఇంకా అవతలి లోయలోనే ఉన్నాయి. ఈ వాలు మీద ఆడవి, పిల్లలు కలిసి పందొమ్మిది మేస్తున్నాయి. లామా చిన్నతనంలో ఇక్కడే డెబ్భై ఉండేవట. గాలి మళ్ళి మనిషి వాసన తగలగానే మంద ఒక్కసారిగా తోకలెత్తి పైకి పరుగు పెట్టింది.

ఒక్కటి పరుగెత్తలేదు. ఎర్ర దారం వేలాడే చెవిని ఆడిస్తూ, ఇంటి గుమ్మంలోకి వస్తున్నట్టు తిన్నగా దిగివచ్చింది. దాని వెనకే రెండు నెలల దూడ. నల్లని దూడ, నుదుట తెల్లచుక్క. యాంగ్‌స్కిత్ మనసు కరిగిపోయింది. "నా తల్లే, నా బంగారమే, నన్ను మరిచిపోలేదే!" అంటూ స్కర్మా మెడ కౌగిలించుకుని ఉప్పు పెట్టింది. గరుకు నాలుక అరచేతిని నాకుతుంటే ఆమెకు నాన్న పక్కనే ఉన్నట్టనిపించింది. దూడ నుదురు ముద్దు పెట్టుకుంది. అంత సంతోషం ఆమెకు ఏడాదిగా లేదు.

లామా ఆమె భుజం తట్టి పైకి చూపించాడు.

మంద ఆగిపోయింది. స్కర్మా పరుగెత్తలేదు కనుక అవీ ఆగి, వెనక్కి తిరిగి చూస్తున్నాయి. ఒక పడుచు చమరీ మెడ చాచి, వాసన చూస్తూ, అడుగులో అడుగు వేసుకుంటూ కిందికి వస్తోంది. దాని వెనక ఇంకొకటి.

"రానిద్దామా?" అన్నాడు లామా. "ఎంత ముచ్చటగా ఉన్నాయో."

యాంగ్‌స్కిత్ నవ్వబోయి ఆగింది. కింద గుడారాల దగ్గర కుక్కలున్నాయి. కిందటి చలికాలం గాలికుంటు రోగం వచ్చిన మంద ఇంకా అక్కడే మేస్తోంది. కొత్తగా వేసిన ముళ్ళకంచె ఉంది, తుపాకీ ఉన్నవాళ్ళూ లేకపోలేదు. ఇంటి మందలో చుక్క దూడ పుడితే మురిసిపోతాం. ఇక్కడ అది పెరిగి తల్లై, దాని పిల్లలూ తల్లులైతే, కొన్నాళ్ళకు ఈ కొండ మీద అచ్చమైన చమరీ ఏదని వెతుక్కోవాలి. మందల్లో పుట్టి పెరిగిన మనిషికి ఇది ఒకరు చెప్పాలా? ఆమెకు తెలుసు. ఏడుపులో పడి చూడలేదంతే.

పడుచు చమరీ ముప్పై అడుగుల దూరంలో నిలబడింది. దాని కళ్ళలో బెదురు లేదు. యాంగ్‌స్కిత్ వంగి రాయి తీసింది. మొదటి రాయి పక్కకు పోయింది. అది చెవులు రిక్కించి చూసిందే తప్ప కదల్లేదు. రెండోది గురిచూసి దాని కాళ్ళ ముందు కొట్టి, తోడేళ్ళను తరిమే కేక పెట్టింది. గొంతు చిరిగేలా, ఏడుస్తూ, మళ్ళీ మళ్ళీ పెట్టింది. పడుచుది గిరుక్కున తిరిగింది. మంద మొత్తం రాళ్ళు దొర్లించుకుంటూ మంచు మీదికి ఎగబాకింది.

ఆ తర్వాత చెవి దారం అలాగే ఉంచి, స్కర్మా మెడకు తాడు వేసింది. దూడ తల్లి పొట్టకు రాసుకుంటూ నడిచింది. కాస్త దూరం దిగాక ఆమె కూలబడిపోయింది.

"మేమేలే, మా నాన్నకు ఇక ఏం మిగిలింది?"

లామా వెనక్కి తిరిగి చూశాడు. నల్లచుక్కల్లా మంద శిఖరం దాటుతోంది. ఒక్కటీ ఆగడం లేదు.

"చూడు తల్లీ, ఇంకా పారిపోగలుగుతున్నాయి," అన్నాడు. "ఆ పరుగు మీ నాన్న పేరున ఉండనీ."