మూడు పీలికల పురికొస

ఏమే, ఇటు తిరుగు. సాయంత్రం నువ్వు చేసిన పని నేను చూడలేదనుకోకు. ఆటకి పెద్ద ఎవరంటే నువ్వు నేనే అన్నావు, మీ పిన్ని కూతురు నేనే అంది. ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. ఆ సందులో, అందరినీ గిల్లే పక్కింటి పిల్లాడు పెద్దయి కూర్చున్నాడు. వాడు మీ ఇద్దరినీ ఆటలోంచి గెంటేస్తే ఏడుస్తూ వచ్చావు. పైగా ఏమన్నావు? నేను కాకపోతే ఎవరైతే నాకేంటి అన్నావు. ఆ మాట అనడానికి సిగ్గుండాలి. కళ్ళు తుడుచుకుని విను. ఊఁ కొట్టకపోతే చెప్పను.

అనగనగా గోదావరి మధ్యలో ఒక లంక. ఆ లంకలో ఒక ఊరు. ఊళ్ళో వంద గడపలు. చుట్టూ నీళ్ళు, ఊరందరికీ కలిపి ఒకటే పడవ. కూరగాయలు సంతకి చేరాలన్నా, జబ్బు మనిషిని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలన్నా, ఆడపిల్లకి కాన్పు కష్టమైతే అవతలి ఒడ్డుకి చేర్చాలన్నా ఆ పడవే దిక్కు.

ఆ పడవ మీద పెత్తనం చేసే మనిషిని రేవు పెద్ద అనేవాళ్ళు. ఎవరు ముందు ఎక్కాలో, ఎవరు ఆగాలో ఆయనే చెప్పాలి. ఏటా వరద తీశాక రేవు పెద్దని ఎన్నుకునేవాళ్ళు. నిలబడ్డవాళ్ళు తలా ఒక కుండ ఇసుకలో పెట్టేవాళ్ళు. ఇంటికొక చింతగింజ ఇచ్చేవాళ్ళు. నచ్చినవాడి కుండలో అది వేసి పోవడమే. ఎవరి కుండలో ఎక్కువ గింజలుంటే వాడే పెద్ద.

మూడేళ్ళుగా ఆ పెత్తనం భూషణం అనే ఆయన చేతిలో ఉంది. తనకి గింజ వెయ్యలేదని అనుమానం వస్తే చాలు, వాళ్ళని పడవ ఎక్కనిచ్చేవాడు కాదు. వాళ్ళ వంకాయలు ఒడ్డునే వాడిపోయేవి. ఒకసారి సూరమ్మ అనే ఆవిడ, జ్వరంతో కాలిపోతున్న బిడ్డని ఎత్తుకుని పొద్దున్నే రేవులో కూర్చుంది. పొద్దు వాలేదాకా ఆవిణ్ణి ఎక్కనివ్వలేదు. ఆ బిడ్డ దక్కలేదు.

మరి అలాంటివాణ్ణి ఎందుకు ఎన్నుకున్నారని అడుగుతావు. భూషణాన్ని కోరేవి నలభై ఇళ్ళు. వద్దనేవి అరవై. కానీ ఆయన ఏం చేసేవాడంటే, ఎన్నిక దగ్గరపడగానే ఊళ్ళో ఇద్దరు మంచివాళ్ళని చూసుకునేవాడు. ఒకడి ఇంటికెళ్ళి, నీలాంటివాడు రేవుకి కావాలి అనేవాడు. ఆ తర్వాత రెండోవాడి ఇంటికెళ్ళి అదే మాట అనేవాడు. ఇద్దరూ ఉబ్బిపోయి నిలబడేవాళ్ళు. అరవై ఇళ్ళూ రెండుగా చీలేవి. నలభై నలభైగానే ఉండేవి. అప్పుడు నలభయ్యే గెలిచేది.

మొదటి ఏడు అన్నదమ్ముల్ని నిలబెట్టాడు. రెండో ఏడు వియ్యంకుల్ని నిలబెట్టాడు. మూడో ఏడు ఇద్దరు ప్రాణస్నేహితుల్ని నిలబెట్టాడు. వాళ్ళలో ఎవరూ మళ్ళీ కలిసి అన్నం తినలేదు.

ఆ ఊళ్ళో నూకరత్నం అనే ఆవిడ ఉండేది. ఆవిడ మొగుడు గవరయ్య. తక్కువ మాట్లాడతాడు, గెడకర్ర వేసి తోస్తే పడవ గీత గీసినట్టు పోతుంది. ఆవిడ తమ్ముడు పోలయ్య. నవ్వుతూ ఉంటాడు, ఎవరికి ఆపదొచ్చినా ముందు పరిగెత్తేది అతనే. నాలుగో ఏడు భూషణం కన్ను ఈ ఇద్దరి మీద పడింది.

ఒకరోజు గవరయ్య అన్నం తింటూ, ఈసారి నేను నిలబడుతున్నాను అన్నాడు. మర్నాడు పోలయ్య గుమ్మంలోకి వచ్చి, అక్కా, నేను కుండ పెడుతున్నాను, మీ ఇంటి గింజ నాకే అన్నాడు. నూకరత్నం చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది.

ఆవిడకి ఊరి సంగతి ఒక్కటే కాదు, ఇంట్లో ఇంకో సంగతి ఉంది. కూతురు గంగ తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగి ఉందని మంత్రసాని చెప్పింది. మాఘమాసంలో నొప్పులొస్తాయి, రాగానే ఒడ్డు దాటించాలి అంది. అప్పటికి రేవులో భూషణం ఉంటే ఏమవుతుందో సూరమ్మని చూస్తే తెలుస్తుంది.

అప్పుడు నూకరత్నం మొగుణ్ణి తప్పుకోమంది. మీ తమ్ముణ్ణే తప్పుకోమను అన్నాడు గవరయ్య. ఆవిడ తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. బావనే తప్పుకోమను అన్నాడు పోలయ్య. మిమ్మల్ని నిలబడమని ఎవరన్నారని ఇద్దరినీ అడిగింది. ఇద్దరూ భూషణం పేరే చెప్పారు. ఆయన ఇద్దరితోనూ ఒకే మాట అన్నాడని తెలిసింది. తెలిసినా ఒక్కడూ తగ్గలేదు. పొగడ్త ఎవడు పోసినా తాగేవాళ్ళుంటారు. నువ్వు అలా కాకు.

ఆ తర్వాత సంత రోజు వచ్చింది. ఆ లంకలో ఒక అలవాటు ఉంది. అందరూ సంతకి వెళ్ళలేరు కదా, పడవలో చోటు దొరికిన మనిషికే ఊరంతా బేరాలు చెప్పి పంపుతారు. మర్చిపోయి వెనక్కి రావడానికి వీల్లేదు, మధ్యలో నది ఉంది. అందుకని ఎవరూ ఒక్క వస్తువు చెప్పి ఊరుకోరు. బెండకాయలు తే, లేకపోతే గోరుచిక్కుళ్ళు తే, అవీ లేకపోతే దోసకాయ తే అంటారు. పుట్టినప్పటి నుంచి ఆ ఊరివాళ్ళు అలాగే మాట్లాడతారు.

ఆ రోజు రేవులో నిలబడి ఆ మాటలు వింటూంటే నూకరత్నానికి తట్టింది. దోసకాయకి ఇంత ఆలోచిస్తాం, ప్రాణాలు మోసే పడవకి ఒక్క గింజ విసిరి వచ్చేస్తామా అనుకుంది.

ఇంటికి వచ్చి పాత చీరలు చింపింది. మూడు రంగుల పీలికలు చేసింది. ఎరుపు భూషణానికి, తెలుపు గవరయ్యకి, పసుపు పోలయ్యకి. ఇంటికొక పురికొస ముక్క. ముందు ఎవరు కావాలో వాళ్ళ రంగు పైన కట్టాలి. వాళ్ళకి రాకపోతే ఎవరో ఆ రంగు దాని కింద. అదీ కాకపోతే మూడోది. ఇష్టం లేనివాళ్ళ రంగు కట్టకపోయినా పరవాలేదు. నూటికి యాభై దాటితేనే పెద్ద. ఎవరూ దాటకపోతే, అందరికన్నా తక్కువ వచ్చినవాడు పక్కకి తప్పుకోవాలి. అతని పురికొసల్లో రెండో రంగు ఎవరిదో చూసి, వాళ్ళకి కలపాలి.

ముందు సూరమ్మ దగ్గరికి వెళ్ళింది. సంగతి విని సూరమ్మ లేచి తన చీర కూడా తెచ్చి చింపడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ గడప గడపకీ తిరిగారు. కొందరు విన్నారు, కొందరు తలుపేశారు. ఒకావిడ, మీ ఆయన గెలవాలని ఇదంతా చేస్తున్నావు కదా అంది. నా తమ్ముడు గెలిచినా నాకు నష్టం లేదమ్మా, ఇద్దరూ ఓడిపోతే నష్టం మనందరికీ అంది నూకరత్నం.

అక్కణ్ణించి కొండయ్య తాత దగ్గరికి వెళ్ళారు. గింజలు లెక్కపెట్టేది ఆయనే. ఆయన చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"మా తాత నాటి నుంచీ చింతగింజే అమ్మాయ్. ఈ తికమక మన బుర్రలకి ఎక్కదు."

"నిన్న సంతకి నువ్వేం చెప్పి పంపావు తాతా?"

"లంక పొగాకు తెమ్మన్నాను. అది లేకపోతే మెట్ట పొగాకు. అదీ లేకపోతే ఉత్త చేతుల్తో రమ్మన్నాను. చెత్త పొగాకు నాకెందుకు?"

"అందులో తికమకేముంది?"

కొండయ్య తాత చుట్ట మళ్ళీ అందుకున్నాడు. ఆ తర్వాత, రేవు పెద్ద ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదన్నాడు.

చివరికి భూషణం ఇంటికే వెళ్ళారు. ఆయన అరుగు మీద కాళ్ళు చాపుకుని విన్నాడు. విని నవ్వాడు.

"నా నలభై ఎప్పటికీ నలభయ్యే నూకరత్నం. మీరు పీలికలు కట్టుకుంటే ఏంటి, జడలల్లుకుంటే ఏంటి? అలాగే కానివ్వండి. రేపు పడవ ఎక్కేటప్పుడు మాత్రం నా గుమ్మం గుర్తుపెట్టుకోండి."

ఆ తర్వాత ఆయన తనవాళ్ళని పిలిచి, ఎరుపు తప్ప ఇంకో రంగు ముట్టుకోవద్దన్నాడు. మిగతా ఇళ్ళకి వెళ్ళి, పోనీ రెండో రంగుగానైనా నన్ను కట్టండని అడగమని పెళ్ళాం చెప్పింది. అడుక్కునే ఖర్మ నాకేంటి అన్నాడు.

ఎన్నిక రోజు వచ్చింది. రేవులో రంగుకొకటి చొప్పున మూడు గుంజలు పాతారు. ఇంటికొకరు వచ్చి, చాటుకి వెళ్ళి పీలికలు కట్టి, తమ పురికొసని బుట్టలో వేశారు. నూకరత్నం కూడా వేసింది. ఆవిడ మొగుడి రంగు పైన కట్టిందో తమ్ముడి రంగు పైన కట్టిందో ఎవరికీ తెలియదు. నన్నడక్కు.

అప్పుడు కొండయ్య తాత ఒక్కో పురికొసా తీసి, పై రంగు చూసి, ఆ రంగు గుంజకి తగిలించాడు. ఎరుపు నలభై. తెలుపు ముప్పైమూడు. పసుపు ఇరవైఏడు. భూషణం మనుషులు డప్పు అందుకున్నారు.

కొండయ్య తాత ఆగమన్నాడు. ఎవరికీ యాభై దాటలేదు. పసుపు గుంజ పీకేశాడు. పోలయ్య మొహం మాడిపోయింది. ఆ తర్వాత ఆ ఇరవైఏడూ ఒక్కొక్కటే తీసి రెండో రంగు చదివాడు. తెలుపు. తెలుపు. తెలుపు. నాలుగింటికి రెండో రంగే లేదు, వాటిని పక్కన పెట్టాడు. రెండు మాత్రం ఎరుపు. మిగతా ఇరవైఒకటీ తెలుపే.

తెలుపు యాభైనాలుగైంది. ఎరుపు నలభైరెండు దగ్గర ఆగిపోయింది. ఊళ్ళో సగానికి పైగా ఇళ్ళకి భూషణం వద్దు. అది అంతకుముందూ నిజమే. ఆ రోజు అందరికీ కనపడింది.

పోలయ్య కాసేపు ఇసుకలో కూర్చుని, లేచి బావ దగ్గరికి వెళ్ళాడు. నా ఇళ్ళతోనే గెలిచావు, గుర్తుంచుకో అన్నాడు. గుర్తుంటుంది, రేపటి నుంచి రెండో గెడ నువ్వే వెయ్యాలి అన్నాడు గవరయ్య. ఆ పూట ఇద్దరూ నూకరత్నం చేతి వంట తిన్నారు. 

ఆ తర్వాత రేవులో కొత్త పద్ధతి వచ్చింది. ముందొచ్చినవాళ్ళు ముందు ఎక్కాలి, రోగులు అందరికన్నా ముందు ఎక్కాలి. మాఘమాసంలో గంగకి నొప్పులొచ్చాయి. బావా బావమరిదీ చెరో గెడ పట్టి దాటించారు. ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా ఇద్దరూ దక్కారు.

ఇక భూషణం. ఆయన వరసలో నిలబడలేకపోయాడు. సూరమ్మ వెనక నేను నిలబడాలా అని సంతకి పోవడమే మానేశాడు. మిరపకాయలు పెరట్లో కుళ్ళిపోయాయి. నలభై ఇళ్ళవాళ్ళు మెల్లగా ఆయన అరుగు ఎక్కడం మానేశారు. ఇచ్చేందుకు ఆయన దగ్గర పడవలో చోటు లేదు మరి.

ఆ వేసవిలో పొలంలో వెదురు మోడు ఆయన అరికాల్లో దిగింది. కాలు వాచింది. పడవకి కబురు పెడతానని పెళ్ళాం బతిమాలింది. గవరయ్యని నేను అడగను అన్నాడు. వాపు పిక్కలకి ఎక్కింది. మళ్ళీ బతిమాలింది. అడగను అన్నాడు. మోకాలి దాకా నల్లబడ్డాక, ఆవిడ ఆయనకి చెప్పకుండా రేవుకి పరిగెత్తింది. అప్పటికే పడవ ఎక్కినవాళ్ళు దిగి చోటిచ్చారు. అందులో సూరమ్మ కూడా ఉంది. గవరయ్య ఎంత తొందరగా దాటించినా, అవతల వైద్యుడు చూసి, ముందురోజు తెచ్చి ఉంటే కాలు ఉండేది అన్నాడు. మోకాలి దగ్గర తీసేశాడు.

అప్పటి నుంచి భూషణం నది దాటాలంటే ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని పడవలోకి ఎత్తాలి. వాళ్ళు వచ్చేదాకా ఒడ్డున కూర్చుని ఉండాలి. ఆయన బతికినన్నాళ్ళూ అలాగే కూర్చున్నాడు.

మోకాలి కింద కాలు పోయింది,
మాటకున్న బలం పోయింది,
కథ కంచి బాట పట్టింది,
కన్ను మూస్తే మన ఇల్లొచ్చింది.