ఆర్పకూడని దీపం

ఒకానొక రాజ్యంలో దీపం ఆర్పడం నేరం. నవ్వకండి, నిజంగానే నేరం.

ఆ రాజ్యాన్ని రణగంభీరుడనే రాజు ఏలేవాడు. ఆయన పుట్టినరోజు నడివేసవిలో వచ్చేది. ఆనాడు ఊళ్ళో ప్రతి గడపలోనూ రాజుగారి పేర దీపం వెలగాలి. అది దానంతట అది కొండెక్కాలే తప్ప ఎవరూ ఆర్పకూడదు. ఆర్పితే రాజుగారి ఆయుష్షు ఆర్పినట్టేనట! అలాంటివాళ్ళకు నడివీధిలో కొరడా దెబ్బలు. పోనీ ఇళ్ళేమైనా మేడలా? అన్నీ తాటాకు కప్పులే. ఎండకు పెళపెళలాడుతూ, చూరు తలకు తగిలేంత కిందికి వాలి ఉండేవి. పైగా ఆ పూట ఇంటింటా బిందెలు ఖాళీ. ఊరేగింపు దారిలో దుమ్ము లేవకూడదని ఊరి నీళ్ళన్నీ పట్టుకెళ్ళి వీధుల్లో చల్లించారు భటులు.

సాలెవాడలో మైలమ అనే ఆవిడ ఉండేది. భర్త పోయినప్పటి నుంచి మూడేళ్ళ కూతురు కుందమే ఆమెకు లోకం. ఆ ఏడు దీపాలు పెట్టిన కాసేపటికే వడగాలి లేచింది. మైలమ ఇంటి దీపం చూరు వైపు వాలి ఆకును నాకబోయింది. ఆర్పుదామని మైలమ చెయ్యెత్తింది. పోయినేడు పక్కింటాయన వీపు మీద తేలిన కొరడా వాతలు గుర్తొచ్చాయి. ఎత్తిన చెయ్యి ఆగిపోయింది.

"అన్నా, దీపం ఆర్పుకోనిస్తారా?" అని అడగడానికి వీధి చివర కాపలా ఉన్న తలారి దగ్గరికి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు. ఇంట్లో ఉయ్యాల లేదు. ఉయ్యాలలో నిద్రపోతున్న కుందమ లేదు.

మైలమకు ఒక అక్క ఉంది, పేరు పేరిందేవి. ఆస్థానంలో చమత్కారాలాడి రాజును నవ్వించడం ఆమె కొలువు. చెల్లెల్ని తన ఇంటికి తెచ్చుకుంది. మైలమ ఏడవలేదు, తినలేదు. "ఊదేసి ఉంటే సరిపోయేది కదక్కా?" అని మాత్రం అడిగేది. అడిగిందే మళ్ళీ అడిగేది. ఊరందరికీ మాటకు మాట అప్పజెప్పే పేరిందేవి, ఆ ప్రశ్న విన్నప్పుడల్లా చెల్లెలి తలను ఒళ్ళోకి తీసుకునేది.

కొన్నాళ్ళకు సభలో ఈ సంగతి వచ్చింది. ఆస్థాన పండితుడు సోమావధాని గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, ఆ స్త్రీ దీపం ఆర్పాలని మనసులో తలచింది. అందుకే అగ్నిదేవుడు ఆగ్రహించాడు. ఆమెను నగరం నుంచి వెళ్ళగొట్టాలి. శాంతి కోసం రేపటి పున్నమికి ఇంటికి రెండేసి దీపాలు పెట్టించాలి."

"భేష్!" అన్నాడు రాజు మీసం దువ్వుతూ. "పేరిందేవీ, మీ చెల్లెలని వెనకాడుతున్నావా?"

పేరిందేవి గుండెలో నిప్పు రాజుకుంది. ముఖాన మాత్రం నవ్వు పులుముకుంది.

"అయ్యో, ఎంత మాట! రేపటి దాకా ఎందుకు ప్రభూ? తొలి దీపం ఇక్కడే, తమ సింహాసనం పక్కనే పెట్టనివ్వండి. తమ శాసనం ఈ సభలోనూ చెల్లుతుంది కదా?"

"మా శాసనం మాకైనా ఒకటే!" అని రాజు ఛాతీ విరుచుకున్నాడు.

పేరిందేవి పొడుగాటి దీపపు సెమ్మె తెచ్చి సింహాసనం పక్కన నిలబెట్టింది. దానికి దగ్గరగా ఒక పూలబుట్ట, తామరాకులు కప్పిన గంగాళం ఉంచింది. పూజకు కాబోలనుకున్నారు అందరూ. దీపం వెలిగించి, "ఉక్కగా ఉంది, కిటికీలు తియ్యండర్రా," అంది.

గాలి వచ్చింది. దీపం వాలింది. సింహాసనం మీది పట్టు చాందినీ కుచ్చులను ముట్టుకుంది. కుచ్చు భగ్గుమంది.

"మంట! ఆర్పండి!" అని రాజు ఒక్క గెంతు గెంతాడు.

భటులు కదల్లేదు. ఒకడైతే చేతులు కట్టుకుని, "ఆర్పితే కొరడా దెబ్బలు కదా మహారాజా," అని నసిగాడు. సోమావధాని అప్పటికే ద్వారం దగ్గర ఉన్నాడు.

"నీళ్ళేవీ?"

"మొన్న తమ ఊరేగింపు దారిలో చల్లేశారు ప్రభూ," అంది పేరిందేవి.

"అయితే నువ్వు ఆర్పు!"

"ఆర్పుతాను. తలారిని అడిగి వస్తాను, ఉండండి."

"తలారా? నువ్వు వెళ్ళి వచ్చేలోగా కాలి బూడిదైపోతాం!"

"అవును ప్రభూ," అంది పేరిందేవి. "వచ్చేలోగానే."

రాజు ఇక ఆగలేక సెమ్మెను కాలితో తన్నాడు. అది పడి, చమురు ఒలికి, నేల మీద మంట పాకింది. పేరిందేవి పూలబుట్ట బోర్లించింది. పైన నాలుగు పూలు, లోపలంతా ఇసుక! నేల మీది మంట అణిగింది. తామరాకులు తోసేసి గంగాళంలోని నీళ్ళు చాందినీ మీద కుమ్మరించింది. పొగ మాత్రం మిగిలింది.

రాజు తన కాలి కేసి చూసుకున్నాడు. దీపాన్ని తన్నిన కాలు! శాసనం తనకైనా ఒకటే అన్న నోరూ తనదే. ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"గెలిచావు పేరిందేవీ! ముందే ఇసుక, నీళ్ళు సిద్ధం చేసుకుని మరీ మమ్మల్ని గెంతించావు! కొరడా దెబ్బలు తప్పించుకోవాలంటే ఆ శాసనం చింపుకోక తప్పదు మాకు. నీ చెల్లెల్ని ఎవరూ ఎక్కడికీ పంపరు. ఇంకేం కావాలో అడుగు!"

"ప్రతి గడప దగ్గరా ఒక కాగు నీళ్ళు, ఒక బుట్ట ఇసుక ఉండాలి. ఎవరి ఊరేగింపుకీ వాటిని ముట్టకూడదు. దీపం చూరుకు దూరంగా పెట్టుకోవాలి. పడుకోబోయే ముందు దీపం, పొయ్యి ఆర్పుకోవాలి. అంతే ప్రభూ."

రాజు ఒప్పుకుని మెడలోని ముత్యాల హారం తీసి ఆమె మెడలో వేశాడు. సభంతా నవ్వింది. అందరినీ నవ్వించే పేరిందేవి ఒక్కతే నవ్వలేదు.

సందె వేళకు ఇల్లు చేరింది. కుందమ పేర పెట్టిన ప్రమిద దగ్గర మైలమ కూర్చుని ఉంది. అక్క చెప్పినదంతా విన్నది.

"అయితే ఇక ఎవరినీ అడగక్కర్లేదా?"

"అక్కర్లేదే తల్లీ."

మైలమ వంగి, ప్రమిద దగ్గరికి ముఖం చేర్చి, మెల్లగా ఊదింది. వత్తి నుంచి సన్నటి పొగ లేచింది. ఆ పొగనే చూస్తూ, అగ్గి పడ్డనాటి నుంచి తొలిసారి, ఆమె ఏడ్చింది.

"ఒక్క ఊపిరే కదక్కా," అంది.